ఎడమ భుజానికి ఒక తుపాకీ

కుడికన్నులో రెటీనా ఊడిపోతే రెండుసార్లు ఆపరేషన్ చేశారు. రెండోదీ నిలవలేదు. "ఈ కంటికి ఇక చూపు తిరిగి రాదు. ఎడమకన్ను బాగుంది, దానితో అన్ని పనులూ చేసుకోవచ్చు" అని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నేను తలూపి బయటికి వచ్చాను. కారులో మా ఆయన సీటు బెల్టు పెట్టుకుంటుంటే అడిగాను.

"మరి నా షూటింగ్ ఎట్ల?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "కన్ను పోయిందని చెప్తే నీకు తుపాకి యాదికొచ్చిందా?"

"ముందు అదే యాదికొచ్చింది. ఏం చేయమంటరు?"

ఆయన బెల్టు పెట్టుకుని కారు తీశాడు.

నిజామాబాద్‌లో చదువుకునే రోజుల్లో నాకు ఒక్క ఆటా రాలేదు. గ్రౌండ్ అంచున అందరి పుస్తకాలకూ కాపలా కూర్చునేదాన్ని. ఈ దేశానికొచ్చాక కన్వేయర్ యంత్రాలకు డ్రాయింగులు గీసే కంపెనీలో చేరాను. ఒకసారి ఆఫీసువాళ్లంతా కలిసి పాపకూర ఊరు దాటి పొలాల మధ్యనున్న షూటింగ్ క్లబ్బుకు వెళ్లాం. అక్కడ ఒక యంత్రం అరచేయంత మట్టి ప్లేటును గాల్లోకి విసురుతుంది. అది కింద పడేలోపు షాట్‌గన్‌తో కొట్టాలి. తగిలితే నల్లటి పొడిలా చెదిరిపోతుంది. ఆ రోజు నేను కొట్టింది తగిలింది. తర్వాత లైసెన్సు తీసుకున్నాను, ఒక పంప్ షాట్‌గన్ కొనుక్కున్నాను. ఆదివారాలు గుడికి పోయినట్టు అక్కడికి పోయేదాన్ని. ప్లేటు గాల్లో ఉన్నంతసేపూ ఇంటి అప్పు గుర్తుండదు, ఆఫీసు గుర్తుండదు. నాకు చేతనైన మొదటి ఆట అది. దాన్ని అంత తేలిగ్గా ఎలా వదులుకుంటాను?

డాక్టరు సరేనన్నాక మళ్లీ క్లబ్బుకు వెళ్లాను. నాకు నేర్పిన ఆవిడ డెబ్బై దాటిన మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయింది. మాటలో మెత్తదనం ఉండదు.

"గురి చూసే కన్ను పోయింది కాబట్టి భుజం మార్చాలి" అంది. "చిన్నపిల్లలా మొదటినుంచి నేర్చుకోవాలి. ఓపిక ఉందా?"

"ఉంది."

ఎడమ భుజానికి తుపాకీ ఆనించి కాల్చాను. ప్లేటు ఎటో పోయింది. తర్వాతి తూటా కోసం ముందున్న పట్టును వెనక్కి లాగగానే ఖాళీ తూటా నా ముఖం ముందు నుంచి కుడివైపుకు ఎగిరింది. ఆపరేషన్ అయిన కన్ను అటే ఉంది. చూపు లేకపోయినా దానికి భయం మాత్రం పోలేదు. ఒళ్లంతా ఉలిక్కిపడింది. ఆ తర్వాత ప్రతి తూటాకూ, ఇంకా మీట నొక్కకముందే, తల పక్కకు తిప్పేయడం మొదలుపెట్టాను. తల తిప్పుకుని కాలిస్తే ప్లేటుకు ఎలా తగులుతుంది? సాయంత్రానికి ఒక్క ప్లేటూ పగల్లేదు.

ఆ వారంలోనే ఫోన్లో ఆ కొత్త తుపాకీ వీడియో కనిపించింది. బుల్‌పప్ రకం పంప్ షాట్‌గన్. మామూలు తుపాకీలో మీటకు ముందుండే యంత్రాంగమంతా ఇందులో మీటకు వెనక, చెంప ఆనే చోట ఉంటుంది. అందుకే గొట్టం పొడవు తగ్గకుండానే తుపాకీ పొట్టిగా ఉంది. గొట్టం కింద పక్కపక్కనే రెండు తూటాల గొట్టాలు. ఒకసారి నింపితే చాలాసేపటిదాకా మళ్లీ నింపక్కర్లేదు, అన్ని తూటాలు పడతాయి. కానీ నన్ను పట్టేసింది అది కాదు. ఖాళీ తూటా పక్కకు ఎగరకుండా నేరుగా కిందికి, కాళ్ల దగ్గర పడుతోంది. కుడిచేతివాళ్లకైనా ఎడమచేతివాళ్లకైనా ఒకటే. గీసినవాడెవడో ఎడమ భుజం మనుషులను కూడా తలుచుకుని గీశాడనిపించింది. డ్రాయింగులు గీసేదాన్ని కదా, ఆ వీడియోను ఆపి ఆపి చూశాను.

మా అమ్మాయి నా భుజం మీదుగా తొంగిచూసి ఇంగ్లీషులో అంది, "అమ్మా, అది వీడియో గేమ్‌లో తుపాకీలా ఉంది."

"ఉండనీ. కింద పడుతున్నయి చూడు ఖాళీవి."

మా ఆయన వచ్చి చూసి మొహం ముడుచుకున్నాడు. "ఇది ప్లేట్లు కొట్టేదానిలెక్క లేదు. మనుషులను కొట్టేదానిలెక్క ఉంది."

"నేను కొట్టేది ప్లేట్లనే" అన్నాను. శనివారం నన్ను తుపాకుల షాపుకు తీసుకెళ్లమన్నాను. కన్ను పోయాక నేనింకా కారు నడపడం మొదలుపెట్టలేదు.

షాపులో ఉన్నాయన వీడియో మొత్తం చూసి ఫోను నా చేతికిచ్చాడు. "మంచి డిజైనే. కానీ మన దేశంలో మామూలు లైసెన్సు మీద కుదరదు. పంప్ షాట్‌గన్‌లో ఐదుకు మించి తూటాలు పట్టకూడదు."

"నాకన్ని అక్కర్లేదు. ఒక్కో ప్లేటుకు ఒకటి, మహా అయితే రెండు పెడతాను."

"నువ్వెన్ని పెడతావని చట్టం అడగదమ్మా. ఎన్ని పడతాయని అడుగుతుంది."

కోపంగా బయటికొచ్చాను. దారి పొడుగునా విసుక్కున్నాను. ఒంటికన్ను మనిషి మట్టి ప్లేట్లు కొట్టుకుంటే ఎవరికి నష్టమన్నాను. మా ఆయన వినీ వినీ పాపటోయిటోయిలో కూరగాయల షాపు ముందు కారు ఆపాడు.

"ఆ చట్టం వచ్చినప్పుడు నువ్వేమన్నవో యాదికుందా?"

గుర్తుంది. క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో నమాజు చేస్తున్నవాళ్లను ఒకడు కాల్చి చంపాక తుపాకుల చట్టం మారింది. అప్పట్లో మా ఆఫీసులో హైదరాబాదు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు పంచుకునేవాళ్లం. ఆ వారం ఆమె అన్నం ముందు పెట్టుకుని తినలేకపోయింది. "శుక్రవారం మా ఆయన నమాజ్‌కు పోతుంటే నేను గేటు కాడనే నిలబడుతున్న అక్కా, వచ్చేదాంక లోపలికి పోబుద్ధి అయితలేదు" అంది. చట్టం మారాలని ఆ రోజు మా ఆఫీసులో అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే. క్లబ్బులో కొందరు నసిగినా నేను వెనక్కి తగ్గలేదు.

"అప్పుడు మంచిదన్న చట్టం ఇప్పుడూ మంచిదే" అన్నాను చివరికి. "నాకు అడ్డమొచ్చిందని చెడ్డదైపోదు."

"మరి షూటింగ్ బంద్ చేస్తవా?"

"అట్లని ఎవరన్నరు?"

ఆదివారం ఆ బుల్‌పప్ గురించి నాకు నేర్పిన పెద్దావిడకు చెప్పాను. ఆమె నవ్వలేదు. "చట్టం ఒప్పుకున్నా నేను వద్దనేదాన్ని. అది ఇరుకు గదుల కోసం పుట్టిన తుపాకీ. బరువంతా నీ భుజం దగ్గరే ఉంటుంది. ప్లేటు వెంట తిప్పబోతే ముందుభాగం తేలిపోతుంది. ఆకాశంలో ఎగిరేదానికి పొడవాటి గొట్టం, ముందువైపు కొంచెం బరువు కావాలి. నీకు కావలసింది ఖాళీ తూటా ఎగరకపోవడమేగా?"

తన కారులోంచి ఒక పాత తుపాకీ తెచ్చింది. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు. కాల్చాక మధ్యకు మడిస్తే ఖాళీ తూటాలు కొద్దిగా పైకి లేస్తాయి. మనమే తీసి పారేయాలి. ఎగిరేది ఏదీ లేదు. ఏళ్ల తరబడి మా క్లబ్బులో సగంమంది చేతుల్లో చూస్తున్నదే. నా పంప్ గన్‌కు అలవాటు పడి అటు చూడనే లేదు.

దాన్ని ఆమె నాకు అరువిచ్చింది. చెంప ఆనే కర్ర కుడిచేతివాళ్లకు తగ్గట్టు వంగి ఉంటే, తుపాకులు బాగుచేసే ఒకాయన వేడి నూనె పట్టించి కొద్దికొద్దిగా ఎడమకు వంచాడు. తర్వాతి నెలలన్నీ ఇంట్లో సాధనే. ముందుగా మా ఆయన తుపాకీ మడిచి, రెండు గొట్టాల్లోనూ ఏమీ లేదని చూసి, "ఖాళీ" అనేవాడు. నేను అద్దం ముందు నిలబడి భుజానికెత్తేదాన్ని, దించేదాన్ని. ఎడమచేతికి అన్ని పనులూ అప్పజెప్పాను. తాళం తీయడం, కూర కలపడం, చివరికి తినడం కూడా. వీడియో కాల్‌లో మా అమ్మ చూసి కేకేసింది.

"అయ్యో, ఎడమచేత్తోని తింటున్నవేందే!"

"దానికి ట్రైనింగ్ ఇస్తున్ననమ్మా."

"ఏం ట్రైనింగో ఏమో, ఎవరన్న చూస్తే బాగుండదు" అని మా అమ్మ ఫోను మా నాన్నకిచ్చేసింది.

ఒంటికంటితో దూరం తెలియడం ఇంకో కష్టం. చాయ్ కప్పులో కాకుండా పక్కన పోసేదాన్ని. ప్లేటు ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. పెద్దావిడ ఒకటే చెప్పింది: "దూరం కొలవకు. దాని వేగం చూడు. తుపాకీని దాని వెనకనుంచి తిప్పుకుంటూ, దాన్ని దాటించి కాల్చు." చలికాలపు వానల బురదలో, చేతులు కొంకర్లు పోతుంటే, నెలంతా మిస్సయ్యాను. తర్వాత ఒకటి అంచు విరిగింది. తర్వాత ఒకటి పొడైంది. మా ఆయన కంచె అవతలి నుంచి ఈల వేశాడు.

ఎడమనుంచి వచ్చేవి తగలడం మొదలయ్యాయి. కుడినుంచి వచ్చేవి మాత్రం నాకు కనిపించేసరికే సగం దూరం దాటిపోయేవి. చూపు లేని వైపు కదా. వసంతంలో క్లబ్బు పోటీ పెట్టినప్పుడు నిర్వాహకుడు మర్యాదగానే అడిగాడు, "నీకు కుడివైపు ప్లేట్లు తీసేసి, వాటి బదులు ఎడమవైపువి వేయమంటావా? ఎవరూ కాదనరు."

పెద్దావిడ నా వైపు చూసింది.

"వద్దు" అన్నాను. "అందరికీ వేసినట్టే వేయండి."

పాదాలు రెండూ బాగా కుడికి తిప్పి, మెడ ఇంకా తిప్పి, యంత్రం ఉన్న గుంట మీదే ఎడమకన్ను నిలిపాను. ప్లేటు వదలమని "పుల్" అని అరిచాను. మొదటిది పోయింది. రెండోదీ పోయింది. మూడోది గుంటలోంచి లేస్తుండగానే దొరికింది. దాని వెనకనుంచి తుపాకీ తిప్పుకుంటూ పోయి, దాటి, మీట నొక్కాను. నల్లటి పొడి గాలికి పచ్చిక మీదికి కొట్టుకుపోయింది.

ఆ రోజు నేను చివరినుంచి రెండోదాన్ని. నా వెనక ఉన్నాయన అంతకుముందు రోజే తుపాకీ పట్టాడు. సామాన్లు సర్దుకుంటుంటే మా ఆయన అడిగాడు, "పోదామా ఇంటికి?"

"మీరు కార్లో కూర్చోండి. కుడివైపువి ఇంకొన్ని వేయమని అడిగొస్త."