సిద్దప్ప కుప్పంలో కొన్న వీరుడు

పుంగనూరు సంతలో పశువుల బ్రోకరు సిద్దప్పను ఎవరూ నమ్మేవారు కారు, అలాగని అతను లేకుండా ఎవరూ బేరం చేసేవారూ కారు, తగువు తేల్చుకునేవారూ కారు. ఆవు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పడంలో అతనికి ఆ చుట్టుపక్కల సాటి లేదు. కొమ్ములు అరగదీసి, నూనె పూసి, ముసలి ఎద్దుకు ప్రాయం తెచ్చే విద్యలోనూ సాటి లేదు. పొద్దున పాలు పిండకుండా పొదుగు బిగిసేలా చేసి తోలుకొచ్చిన ఆవును దూరం నుంచే కనిపెట్టేవాడు. కిందటి సంతకు ఆ పని తనే చేయించి ఉండేవాడు గనుక. బెంగళూరు నుంచి కార్లో దిగి, పుంగనూరు పొట్టి ఆవును చూడగానే చెప్పులు విడిచి దండం పెట్టే భక్తులొస్తే అతని కమీషను పెరిగేది. దండం పెట్టేవాడు పళ్ళు చూడడని అతని అనుభవం.

పల్లెటూరి మనిషి అమాయకుడనీ, కంప్యూటరు వచ్చి అతన్ని చెడగొట్టిందనీ చెప్పుకునేవాళ్ళు సిద్దప్ప కథ జోలికి రాకపోవడం మంచిది. కంప్యూటరు దగ్గరకు వెళ్ళేనాటికే అతను పూర్తిగా తయారైన మనిషి.

వెళ్ళింది 2006లో. ఒక కోడెదూడ ఫొటోను బెంగళూరు గిరాకీకి మెయిల్లో పంపాలని మదనపల్లె బస్టాండు పక్కన ప్రకాష్ బాబు నడిపే నెట్ సెంటరుకు పోయాడు. ప్రకాష్ బాబు మిషన్ ఆసుపత్రి కాంపౌండరు కొడుకు. ఆదివారం చర్చిలో గిటారు వాయించి, మిగతా వారమంతా ఇంటర్నెట్‌లో కోటలు కూల్చేవాడు. ఆ ఆటకు నోరు తిరగని విదేశీ పేరేదో ఉండేది. మదనపల్లెలో అందరూ కోటాట అనేవారు. అందులో ప్రతివాడూ చేతిలో ఒక కట్టెతో మొదలవుతాడు. తోడేళ్ళను కొడుతూ, అడవులు తిరుగుతూ లెవెల్ పెంచుకుంటే కట్టె పోయి కత్తి వస్తుంది, తర్వాత గుర్రం వస్తుంది. మెయిల్ పంపిన సిద్దప్ప ఇంటికి పోకుండా ప్రకాష్ బాబు కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆ గుర్రం ముందరి కాలు కుంటతాండాది సూడప్పా."

"దెబ్బ తగిలింది దానికి. ఏం, నువ్వు గూడా ఆడతావా?"

ఆడాడు. తను పొట్టివాడు గనుక తన వీరుడికి పొట్టి అనే పేరు పెట్టాడు. సంత లేని రోజుల్లో మదనపల్లె బస్సెక్కి వచ్చి, రెండేళ్ళు మేపి, పొట్టిని అరవయ్యో లెవెల్‌కు తెచ్చాడు. అతని భార్య పార్వతమ్మ వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఒకే మాట చెప్పేది: "ఇంట్లో గేదెకు గడ్డి లేదు. యాడో టీవీలో ఉండే గుర్రానికి మేతేస్తాండాడంట, మొగోడు."

నెట్ సెంటరు గుంపంతా ఆటలో ఒక దండు. నూరో లెవెల్ దాటింది ప్రకాష్ బాబు ఒక్కడే కాబట్టి దండుకు అతనే నాయకుడు. సిద్దప్పకు ఎప్పుడూ వెనక వరసలో మందుల సంచి మోసే పని. సంతలో తన వేలు కదిలితే ఎద్దు చేతులు మారుతుంది. ఇక్కడేమో డిగ్రీ చదివే పిల్లకాయలు "సిద్దప్పన్నా, నాకు మందు పొయ్యి" అని కేకలేస్తారు. ఒక్కసారైనా తను ముందు నడవాలి, కోట తలుపు తన కత్తికే కూలాలి. సిద్దప్పకు అదే ధ్యాస పట్టుకుంది.

ఆ ధ్యాసను వాసన పట్టినవాడు కుప్పం నాగరాజు. ఆటలోని చాట్‌లో పరిచయమయ్యాడు. తన దగ్గర మోడ్ చేసిన అకౌంటు ఉందన్నాడు. అంటే ఎవడో ఆట లోపలి లెక్కలు మార్చి తయారుచేసిన వీరుడు: నూటయాభయ్యో లెవెల్, ఎంత తీసినా తరగని బంగారం, ఒక్క వేటుకు ఎంతటి తలుపైనా నేలకూల్చే కత్తి. పొట్టిని ఇచ్చి పైన కొంచెం రొక్కం పెడితే మార్పు బేరం చేసుకుందామన్నాడు.

"వొద్దప్పా," అన్నాడు ప్రకాష్ బాబు. "కంపెనీవోళ్ళు కనిపెట్టినారంటే దాన్ని మూసేస్తారు. అది లేకున్నా, ఆ అకౌంటు తెరిసిన మెయిల్ ఐడీ వాడి సేతిలో ఉంటాది. పాస్‌వర్డు మర్సిపోయినా అని ఒక్క నొక్కు నొక్కితే మళ్ళా వాడికే పోతాది."

"నాకు బేరం నేర్పిస్తాండావా నువ్వు?" అన్నాడు సిద్దప్ప.

కంటితో చూడకుండా కొనేది అతని దృష్టిలో బేరమే కాదు. పలమనేరు మీదుగా బస్సు మారి కుప్పం పోయాడు. రైల్వే స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్లో నాగరాజు కూర్చుని ఉన్నాడు. బి.ఎస్సీ. తప్పి, తప్పినందుకు ఏ చింతా లేని మనిషి. సిద్దప్ప అమ్మకానికొచ్చిన వీరుణ్ణి నడిపించమన్నాడు. పరిగెత్తించమన్నాడు. నీళ్ళలో దింపమన్నాడు. తోడేలు మీదికి ఉసిగొల్పి చూశాడు. గుర్రాన్ని తెర మీదే చుట్టూ తిప్పించి నాలుగు గిట్టలూ చూశాడు. లోపం కనపడలేదు. అప్పుడు భుజం మీది తువ్వాలు తీసి, దాని కింద చెయ్యి చాచాడు.

"ఏందన్నా ఇది?"

"బేరం. పైన ఎంత కావాల్నో నా వేళ్ళు పట్టుకోని సెప్పు. పక్కనోళ్ళకు తెలీకూడదు."

"పక్కన ఎవురూ లేరు గదన్నా."

"లేకుంటే మాత్రం? పద్ధతి పద్ధతే."

నాగరాజు సందేహిస్తూ అతని అరచెయ్యంతా పట్టుకుని కరచాలనం చేశాడు. సిద్దప్పకు విసుగొచ్చింది. చివరికి నోటితోనే తేల్చుకుని, పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకున్నారు. మెయిల్ ఐడీ సంగతి ఎత్తింది కూడా సిద్దప్పే.

"అది నీ కాడే పెట్టుకో. పశువును అమ్మినోడు పలుపు ఇయ్యడు. నా పొట్టి పలుపు గూడా నేనియ్యను."

పలుపంటే పశువు మెడకు కట్టే తాడు. ఆ సంతల్లో కొన్నవాడు కొత్తది తెచ్చుకోవాలి. పాతది ఇచ్చేస్తే దాంతోపాటు ఇంట్లో పాడి కూడా వెళ్ళిపోతుందని నమ్మకం. ప్రకాష్ బాబు దేని గురించి హెచ్చరించాడో సరిగ్గా దాన్నే సిద్దప్ప మర్యాద కొద్దీ వదిలేశాడు. అలాంటి గిరాకీని నాగరాజు ఎన్నడూ చూసి ఉండడు. టీ కూడా ఇప్పించాడు.

ఆరు నెలలపాటు మదనపల్లెలో సిద్దప్పదే రాజ్యం. ముందు నడిచాడు. తలుపు ఒక్క వేటుకు కూలింది. బంగారం తరగదు కదా అని దండులో అందరికీ పంచాడు. వద్దు వద్దన్న ప్రకాష్ బాబు కూడా చివరికి చెయ్యి చాచాడు. "నాయకుడంటే ఇట్లుండాల" అన్నారు పిల్లకాయలు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆట తెరిస్తే ఎర్ర అక్షరాలు కనపడ్డాయి. ఆట లెక్కలు మార్చినందుకు ఆ అకౌంటును శాశ్వతంగా మూసేశారు. ఆ బంగారం ముట్టినవాళ్ళవి కూడా మూసేశారు. ప్రకాష్ బాబు ఏళ్ళ తరబడి పెంచుకున్న నాయకుడితో సహా దండంతా ఒక్క పూటలో గల్లంతు.

"గాలికుంటు రోగం తగిలిన ఎద్దును తెచ్చి మంద నడాన కట్టేసినావు గదప్పా," అన్నాడు ప్రకాష్ బాబు. సిద్దప్ప కుర్చీ లాక్కుంటే పిల్లకాయలు లేచి పక్క కంప్యూటరుకు పోయారు.

సిద్దప్ప నాగరాజుకు ఫోన్ చేశాడు.

"నడిపించి సూసినావు. పరిగెత్తించి సూసినావు. నీళ్ళల్లో గూడా దింపినావు. ఇంగ నన్నేం అడుగుతావన్నా?" అన్నాడు నాగరాజు.

ఇదే మాట చెప్పి సిద్దప్ప ఎందరినో సంతలోంచి సాగనంపాడు. దానికి జవాబు లేదని అతనికి బాగా తెలుసు.

"నా పొట్టి యాడుండాడు?" అని మాత్రం అడిగాడు.

"అమ్మేసినా. మీ మదనపల్లె పక్కన అంగళ్లు కాలేజీలో సదివే పాప ఎవురో తీసుకునింది."

దండులో బతికి బట్టకట్టింది పొట్టి ఒక్కడే. బంగారం పంచేనాటికే చేతులు మారాడు కాబట్టి వాడికి ఏ మచ్చా లేదు. పొట్టి తిరిగొస్తే వాడితోనే కొత్త దండు కట్టొచ్చు. "వాడి మెయిల్ నీ కాడే ఉండాది గదా. ఒక్క నొక్కు," అన్నాడు ప్రకాష్ బాబు.

సిద్దప్ప నొక్కాడు. జీవితంలో పశువుల కొమ్ములు దిద్దాడు, పళ్ళు దాచాడు, చూలు లేని ఆవుకు చూలు కట్టాడు గానీ, అమ్మిన పశువును మళ్ళీ విప్పుకొచ్చింది లేదు. ఆ సంగతి నొక్కిన తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే పొట్టి తెర మీద నిలబడి ఉన్నాడు: ఎర్ర అంగీ, వెండి పిడి కత్తి, ఎనభై మూడో లెవెల్. సాయంత్రందాకా వాణ్ణి అడవిలో తిప్పాడు. దారిలో కలిసినవాళ్ళు చాట్‌లో ఎవరు నువ్వని అడిగితే, సంతలో చెప్పినట్టే ఊరూ పేరూ చెప్పి, మదనపల్లెలో ఏ నెట్ సెంటర్లో కూర్చున్నాడో కూడా చెప్పాడు.

వాళ్ళ నోట ఆ కబురు విని మర్నాడు అంగళ్లు పాప కీర్తన వచ్చింది. ఇంజనీరింగ్ రెండో ఏడు.

"ఆ దొంగ మీరేనా అంకుల్?"

"దొంగను గాదమ్మా. వాణ్ణి పెంచినోణ్ణి."

"అరవైలో కొన్న్యాను. ఇప్పుడు ఎనభై మూడు. పై ఇరవై మూడు ఎవురు పెంచినట్టు?"

"అమ్మినోణ్ణి పొయ్యి అడుగు."

"అడిగినా. సూసుకోనే గదా తీసుకున్న్యావు అన్న్యాడు."

ప్రకాష్ బాబు మధ్యలో దూరాడు. పెద్దమనిషి తీర్పంటే పిల్ల జడుసుకుంటుందని అతని లెక్క. "ఈయన సంతలో తగువులు తీర్సే మనిషిమ్మా. ఏం సిద్దప్పా, అమ్మిన ఆవు పాత కొట్టంలోకి తిరిగొచ్చి ఈనిందనుకో. ఎవురిది?"

"మేపినోళ్ళది," అన్నాడు సిద్దప్ప. సంతలో ఎన్నోసార్లు చెప్పిన తీర్పు, ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది. తన తీర్పును తనే కాదంటే ఆ కబురు తనకన్నా ముందే పుంగనూరు చేరుతుంది. ప్రకాష్ బాబు తల పట్టుకున్నాడు.

సిద్దప్ప లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. మెయిల్ తెరిచి దాని పాస్‌వర్డు కూడా చెప్పాడు. "ఇది గూడా మార్సేసుకోమ్మా. నా కాడుంటే ఎల్లుండికి మళ్ళా నొక్కతాను. నా సంగతి నాకు తెలుసు."

కీర్తన అనుమానంగానే కూర్చుని, రెండూ మార్చి, ఆట తెరిచింది. సిద్దప్ప వెళ్ళలేదు.

"ఆ ఎర్రంగీ తీసెయ్యమ్మా. తోడేళ్ళకు దూరం నించే కనపడతాడు."

"కనపడనీండి అంకుల్. ఇప్పుడు అవే దాక్కుంటాండాయి."

పొట్టి గుర్రమెక్కి అడవిలోకి దూకాడు.

"కుడి పక్క సూడు," అన్నాడు సిద్దప్ప.

ఆమె అప్పటికే చూసింది.