మా మేనమామ మందు మానిన విధం

మా మేనమామ మూడు తాలూకాల సారా ఒక్కడే తాగి, ఒకనాడు పళ్లు తోముకుంటూ ఠక్కున మానేశాడనీ, సాయంత్రానికల్లా తెల్లజుట్టు నల్లబడిందనీ ఫిల్మ్ నగర్‌లో టీ బండి దగ్గర చెప్పాను. అప్పట్లో నేను సినిమాలకు మాటలు రాసేవాణ్ని. నా మాటలు ఎవరూ నమ్మరన్న ధైర్యంతోనే బతికేవాణ్ని. నమ్మేవాడు ఒకడు దొరికాడు.

ఆయన తాగుబోతు వేషాల నటుడు. పదిహేనేళ్లుగా తెర మీదా బయటా ఒకటే వేషం. పొద్దున్నే ఒక పెగ్గు పడందే లుంగీ ముడి పడేది కాదు. అలాంటాయనకు జడ్జి వేషం వచ్చింది, కన్నకొడుక్కి ఉరిశిక్ష వేసే జడ్జి.

“రైటర్ గారూ, మీ మేనమామ గారిలా నేనూ ఒక్క దెబ్బకి మానేస్తానండీ” అన్నాడు.

మా వాళ్లు ముహూర్తం పెట్టందే ఏదీ మొదలుపెట్టరు. మానడానికీ పెట్టాం. శ్రీనగర్ కాలనీలో ఆయన ఇంట్లో సీసాలకు దండలేసి, హారతిచ్చి, క్లాప్ కొట్టి, అంతా తూములో ఒంపేశాం. కొబ్బరికాయ కొట్టింది నేనే. ఆ వీధి చీమలు రెండు రోజులు తూలుతూ నడిచాయి.

మూడో రోజు కోర్టు సెట్లో షూటింగ్. తీర్పు రాస్తుంటే ఆయన చెయ్యి గజగజలాడింది. చెమట ధారలు కట్టింది. ఉన్నట్టుండి ఫైలు మీద నుంచి, కోటు మీద నుంచి లేని చీమల్ని దులపడం మొదలెట్టాడు. సెట్టంతా చప్పట్లు.

“ఆ చీమల ఐడియా నీదేనా?” అని డైరెక్టర్ అడిగాడు.

“అంతరాత్మ కుట్టడం సార్” అన్నాను, సిగ్గు లేకుండా.

“అద్భుతం! వన్ మోర్!”

తడిసిన కోటు మార్చడానికి యూసుఫ్‌గూడ నుంచి వచ్చే కాస్ట్యూమర్ అమ్మ ఆయన దగ్గరికెళ్లింది. “సార్, కట్ అన్నరు గదా. ఈయన ఇంకా దులుపుతుండేంది?”

“క్యారెక్టర్‌లో ఉన్నాడమ్మా” అన్నాను నేను.

“క్యారెక్టర్ లేదు గీరెక్టర్ లేదు! మా ఆయన గిట్లనే ఒక్కపారి బంద్ జేసిండు. మూడో దినం ఫిట్స్ వచ్చినయ్. దవాఖాన గేటు కాడికి పోయేసరికి పానం లేదు. బండి తియ్యుండ్రి!”

ప్రొడక్షన్ వ్యాన్‌లో జడ్జి గారు డ్రైవరుకు ఏడేళ్లు, సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్‌కు యావజ్జీవం వేశాడు. నవ్వబోయాను. అంతలో ఆయన ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. ఆవిడ ఆయన్ని పక్కకు ఒత్తిగిలించి పట్టుకుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. “ఇలా మానమని ఎవరు చెప్పారు?”

“మా మేనమామండీ.”

“ఆయన్ని పిలవండి, నాలుగు దులపాలి. ఏళ్లతరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. వణుకు, భ్రమలు, ఫిట్స్. ప్రాణమే పోవచ్చు. మానడం మంచిదేనండీ, కానీ మేడ దిగాలంటే మెట్లున్నాయి, దూకడమెందుకు? ఇక్కడైతే మందులిచ్చి, నాడి చూస్తూ, రోజురోజుకీ డోసు తగ్గిస్తాం.”

అలాగే దింపారు. మొదటి రెండు రోజులు దక్కుతాడో లేదో చెప్పలేమన్నారు. నాలుగో రోజుకు చీమలు వెళ్లిపోయాయి. పదో రోజున ఆయన లుంగీ ముడి తనే వేసుకుని, ఎవరిచేతో తెప్పించిన శాలువా బయటికి తీశాడు.

“మీ మేనమామ గారికి కప్పాలండీ. ఆయన్నే తలుచుకుంటూ పడుకున్నాను.”

మేనమామను కాశీకి పంపే కథ ఒకటి నోటిదాకా వచ్చింది. ఇది కూడా నమ్ముతాడని భయమేసింది.

“మా అమ్మకు అన్నదమ్ములే లేరండీ.”

ఆయన శాలువా ఒళ్లో పెట్టుకున్నాడు. “మరి... జుట్టు నల్లబడడం?”

“అదీ లేదు.”

ఆయన శాలువా తీసుకెళ్లి, చూడ్డానికొచ్చిన కాస్ట్యూమర్ అమ్మకు కప్పాడు.

“గీ ఎండలల్ల నాకెందుకయ్యా?” అంది గానీ తియ్యలేదు. నా వైపు తిరిగి, “సార్, ఇగ చెప్తే మా ఆయన ముచ్చట చెప్పుండ్రి. ఏం కలపకుండ్రి” అంది.

అప్పటినుంచి టీ బండి దగ్గర ఎవరైనా రేపట్నుంచి మానేస్తానంటే, ముందు డాక్టర్ని కలవమని ఆ ముచ్చటే చెబుతున్నాను, ఏమీ కలపకుండా. ఒక్కడూ నమ్మడు. “మరి మీ మేనమామ మానలేదా?” అంటారు.