గంజి పెట్టిన పరుగు

ముందే ఒక మాట. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలి. నా భార్య అయితే ముప్పాతిక తీసేసి, మిగిలిన పాతికను పక్కింటావిడను అడిగి రూఢి చేసుకుంటుంది. దోమ కుట్టిందని చెప్పబోయి గద్ద ఎత్తుకుపోయిందని చెప్పే నోరు నాది. అయితే ఆ రోజుల గురించి తెలుగులో రాయడంలో నాకో సౌకర్యం ఉంది. తమిళనాడు గుడియాత్తంలో మా నేతగాళ్ల వీధి మొత్తం తెలుగులోనే మాట్లాడుకుంటుంది, తెలుగులోనే తిట్టుకుంటుంది, తెలుగులోనే ఏడుస్తుంది. అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు, చదువంతా తమిళంలోనే. (నేను చిత్తూరులో ఉద్యోగం చేసే కాలంలో బస్సుల మీదా సోడా బంకుల మీదా చూసి నేర్చుకున్నాను.) కాబట్టి ఇక్కడ ఏం రాసినా "ఏమప్పా, ఇంత పచ్చబద్ధమా!" అని నిలదీయడానికి మా వీధి నుంచి ఎవరూ రారు. ఏది కల్పించానో చివర్లో నేనే చెప్పేస్తాను.

ఆ రోజుల్లో ఎండలు ఎండల్లా ఉండేవి. నడివేసవిలో మండిపోయే అగ్నినక్షత్రం రోజుల్ని మా వైపు కత్తిరి అంటారు. కత్తిరి వచ్చిందంటే కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచి వెళ్లేవి. అగ్గిపెట్టెలు చేసే ఆడవాళ్లు పుల్లలు వాకిట్లో ఆరబెట్టి లోపలికి వెళ్లొచ్చేసరికి అవి వాటంతటవే అంటుకుని ఆరిపోయి ఉండేవి. రోడ్డు మీద తారు కరిగి చెప్పును పట్టుకుంటే, ఆ చెప్పును అక్కడే వదిలి ఇంటికి పోయి, సాయంత్రం రోడ్డు చల్లబడ్డాక గడ్డపారతో వచ్చేవాళ్లం.

అలాంటి ఎండలో నేనూ, ఒంటె అనే నా స్నేహితుడూ పోలీసు ఉద్యోగం కోసం పరుగు నేర్చుకున్నాం. వాడి మెడ పొడుగు. వాడి తల వీధి మలుపు తిరిగిన కాసేపటికి ఒళ్లు వెనకాలే వచ్చేది. నాకు ఉద్యోగం రాకపోయినా మునిగిపోయేదేమీ లేదు, మా నాయనకు బీడీల అంగడి ఉండేది. వాడి సంగతి వేరు. తండ్రి లేడు. తల్లి గుంట మగ్గంలో కాళ్లు దించి లుంగీలు నేసి నేసి, పొద్దుగూకాక ఆ గుంటలోంచి పైకి రాలేకపోయేది. వాడే చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. వయసు దాటిపోతోంది, వాడికి అదే ఆఖరి సెలక్షన్.

"కాకీ చొక్కా ఏసుకున్న రోజు ఈ గుంటను మన్నేసి పూడ్చేస్తానమ్మా" అనేవాడు.

"ముందు పరిగెత్తు నాయనా, పూడ్చేది నేను చూసుకుంటా" అనేది ఆమె.

మాకు పరుగు నేర్పిన గురువు పట్టాళం మామ. పట్టాళమంటే సైన్యం. సరిహద్దులో శత్రువుల్ని తరిమి తరిమి కొట్టానని మామ చెప్పేవాడు. అక్కడ వంటింట్లో ఎర్రగడ్డలు కోశాడని అత్త చెప్పేది. మొదటి రోజే మామ మమ్మల్ని ఎండలో నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"రేయ్, నూలు యట్ల బిగుస్తాది?"

"గంజి పెట్టి ఎండకేస్తే, మామా."

"దాని మింద నీళ్ళు పోస్తే?"

"వదులైపోతాది."

"అంతే! ఒళ్ళూ నూలే. పొద్దన్నే చిక్కటి గంజి తాగల్ల, ఎండలో ఆరల్ల. పరుగు నడమ నీళ్ళు తాగినోడు నూలు కాదురా, మసిగుడ్డ!"

ఇంకే ఊళ్లో చెప్పినా జనం నవ్వి పోయేవాళ్లు. కానీ మేం పుట్టినప్పటి నుంచీ వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పట్టించడం చూసినవాళ్లం. నూలు పేరు చెప్పి విషం ఇచ్చినా తాగే జాతి మాది. ఒంటె ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. నేను మాత్రం పరదరామి రోడ్డులో పరుగెత్తేటప్పుడు ఒంటేలుకని చేలోకి దూరి, పంపుసెట్టు కింద నోరు పెట్టి, ఆ రైతు మడి తడవకుండా మొత్తం నేనే తాగేసేవాణ్ణి.

"రారా, మామ చూడ్డం లేదు" అని పిలిచేవాణ్ణి.

"పోరా మసిగుడ్డా" అనేవాడు ఒంటె, పెదాలు పగిలి నెత్తురు చిమ్ముతున్నా పళ్లికిలించి.

సెలక్షన్ వేలూరులో. పొద్దున్నే రమ్మని, మధ్యాహ్నం దాకా మైదానంలో వరుసగా నిలబెట్టారు. గేటు దగ్గర ఒకామె మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చుంది. నేను ఆ కుండ అడుగు చూసేదాకా తాగాను. ఒంటెకు ఒక లోటా పట్టుకెళ్లాను.

"పరుగు అయినంక తాగుతాలేరా. ఇప్పుడు తాగితే గంజి ఇడిసిపోతాది."

"గంజీ లేదు, గాడిదగుడ్డూ లేదు. తాగురా."

"నీకేమప్పా, అంగడి ఉండాది. నాకు మాయమ్మ గుంటలో ఉండాది."

లోటా నేనే తాగేశాను.

పరుగులో నా సంగతి చెప్పనక్కర్లేదు. కడుపులో మజ్జిగ చిలకడం మొదలై, మూడో చుట్టుకు వెన్న తేలింది. అందరికంటే వెనక నేను, అందరికంటే ముందు ఒంటె. ఆఖరి చుట్టులో వాడు నన్ను దాటిపోతుంటే చూశాను, ఒంటి మీద చెమట చుక్క లేదు. ఎండలో వేసిన పడుగులాగా ఆరిపోయి ఉన్నాడు. ముగింపు గీత కనిపిస్తున్నంత దూరంలో వాడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, ఎదురుగా మా వైపు పరుగెత్తుకొచ్చాడు. జనం ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "రేయ్ ఒంటే, అట్ల గాదురా, ఇట్లా!" అని అరిచాను. వాడు మోకాళ్ల మీద కూలి, మట్టిలో ముఖం పెట్టి పడుకున్నాడు. చెయ్యి వేస్తే దోసె పెనం.

పెద్దాసుపత్రిలో వడదెబ్బ అన్నారు, మూత్రపిండాలు అన్నారు, ఇంకేవో అన్నారు. రెండో రోజు నేనొక్కణ్ణే పక్కన ఉన్నప్పుడు వాడు కళ్లు తెరిచి నన్ను చూశాడు. పెదాలు కదిలాయి. వంగి విన్నాను.

"మామతో చెప్పురా... గంజి బాగా పట్టింది. మడత కూడా పడలేదు."

అని నవ్వాడు. మళ్లీ కళ్లు తెరవలేదు.

కర్మలు అయ్యాక ఒంటె తల్లి నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకుంది. "కడాకు ఏమన్నా అన్న్యాడా నాయనా?" అని అడిగింది. చెప్పాను. ఆమె ముందు నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ తర్వాత గుంట వైపు చూస్తూ అంది: "మగ్గం మింద పడుగు ఎండితే పుటుక్కున తెగిపోతాదని, కత్తిరి దినాల్లో ఈ గుంటనిండా నీళ్ళు చల్లి చల్లి నేసినానే. దారానికి చూపించిన తడి బిడ్డకు చూపించలేదే అప్పా."

వీధిలో అందరికీ తెలిసిన సంగతే అది. గంజి సంగతి చెప్పిన మామకూ తెలుసు. ఆ తర్వాత మామ ఎవరికీ పరుగు నేర్పలేదు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, చక్కెర వచ్చింది. డాక్టరు నడవమంటే వేలూరు కోట చుట్టూ నడుస్తుంటాను. రెండు చేతుల్లో రెండు సీసాలు, వీపు సంచిలో ఇంకోటి. "ఎన్న సార్, తణ్ణి లారీయా?" అని కుర్రాళ్లు ఎగతాళి చేస్తారు. నీళ్ల లారీనే. ఎవడైనా నోరు తెరుచుకుని పరుగెత్తుతుంటే అడ్డం నిలబడి సీసా ఇస్తాను. తీసుకోకపోతే తిడతాను. పిచ్చివాడనే పేరు వచ్చింది. పోలీసు ఉద్యోగం కన్నా ఇదే నాకు నప్పింది.

కత్తిరి వచ్చిందంటే గుడియాత్తంలో ఒంటె తల్లి వాకిట్లో నీళ్ల కుండ పెడుతుంది. గుంట అలాగే ఉంది, మగ్గం లేదు. పరుగెత్తే పిల్లల్ని ఆపి, "తాగి పోండప్పా" అని లోటా ఇచ్చి, కొడుకు ఆఖరి మాట చెబుతుంది. మొన్న వెళ్లినప్పుడు నా ముందే చెప్పింది. ఈ మధ్య దానికి తనే ఇంకొంచెం చేర్చింది కూడా: వాడు కన్ను కూడా కొట్టాడట. "పోతా పోతా నవ్వించి పోయినాడు నా బిడ్డ" అని నన్ను చూసి, "కాదా నాయనా?" అంది. "అవునమ్మా, కన్ను కొట్టినాడు" అన్నాను.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి కదా. కాకుల్నీ, గడ్డపారనూ, మజ్జిగలో వెన్ననూ మీరెలాగూ తీసేసి ఉంటారు. అవి లెక్కలోకి రావు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే. ఆ మైదానంలో పడ్డాక ఒంటె కళ్లు తెరవలేదు. ఒక్క మాటా అనలేదు. మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని ఆమె అడిగినప్పుడు, నా నోటికి ఏదో ఒకటి రావాలి, అది వచ్చింది.

మీరెప్పుడైనా ఎండాకాలంలో గుడియాత్తం వస్తే ఆ కుండలో నీళ్లు తాగండి. ఆమె చెబితే నవ్వండి. ఇది మాత్రం చదివి వినిపించకండి.