మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు

ఆయన్ని ఊరంతా క్యాసెట్ మావయ్య అంటుంది. ఆయనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ మావయ్యా అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఎనభైల్లో, మెట్ల కింద మనిషి తిరగడానికి చోటులేని గదిలో రికార్డింగు షాపు నడిపాడు. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్టు ఇచ్చివెళితే, రెండోరోజుకల్లా రికార్డుల మీంచి పాటలెక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టులో మిగతా షాపులవాళ్ళు పద్నాలుగు పాటలు పట్టించలేక చస్తుంటే ఈయన పదిహేను ఎక్కించేవాడు. అదీ ఏ పాట తోకా కత్తిరించకుండా! ఎలాగయ్యా అంటే, అంతా లెక్కలో ఉందని మీసం సవరించుకునేవాడు. లెక్కంటే నిజంగా లెక్కే. ప్రతి పాటనీ చేతిగడియారం దగ్గర పెట్టుకుని కొలిచి, నిమిషాలూ సెకన్లూ బట్టీ పట్టాడు మహానుభావుడు.

ఆనాటి డాన్సు పాటల పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు. అందుకని జనం గుర్రప్పాట, తలుపుచప్పుడు పాట, ఏడుపుగొట్టు పాట అని సొంతపేర్లు పెట్టుకున్నారు. గుర్రప్పాటలో వినిపించేది గుర్రం డెక్కలు కావనీ, రెండు చెక్కగిన్నెలు బోర్లించి కొట్టారనీ, తలుపుచప్పుడు పాటలో రెండో చరణం అయ్యాక వెనకాల ఎవరో దగ్గుతారనీ, ఇవన్నీ మావయ్యకి కొట్టినపిండి. షాపు మూతపడి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తున్నాడు. అయినా పాటల మీద పేచీ వస్తే వీధిలో వాళ్ళంతా ఇప్పటికీ ఆయన గుమ్మంలోకే వస్తారు. ఆయన చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఆ ఒక్క మర్యాద దక్కితే చాలు, ఆయన అన్నం మానేసి అయినా బతికేస్తాడు.

అందుకే గ్రంథాలయం హాల్లో ఆదివారం పొద్దున పాతపాటల పోటీ పెడతారనగానే వారం ముందునుంచే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నర్సుగా చేసి రిటైరైన భార్య, పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదని దెప్పిపొడిచింది.

ప్రశ్నలడిగేది లెక్కల టీచరమ్మ. ఒక్కొక్కరే జారుకోగా చివరికి మిగిలింది ఇద్దరు. ఒకరు మావయ్య, రెండోవాడు పళ్ళ డాక్టరు. చిన్నప్పుడు మావయ్య షాపు మెట్లమీదే పడుండేవాడు, పెద్దయ్యాక అసలు రికార్డులే కొని పోగేశాడు. ఇద్దరికీ మార్కులు సమానం. గుర్రప్పాట మొత్తం ఎంతసేపు అన్నది ఆఖరి ప్రశ్న.

మావయ్య క్షణమైనా ఆలోచించలేదు. మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు అని ఠక్కున చెప్పి కుర్చీలో వెనక్కి వాలాడు. డాక్టరు కాసేపు నసిగి, నాలుగు నిమిషాల రెండు సెకన్లు అన్నాడు. టీచరమ్మ కాయితం చూసి, డాక్టరుగారిదే ఒప్పు అంది.

హాలు ఇంతెత్తున లేచింది. మావయ్య తప్పు చెప్పడమేమిటి, మీ కాయితమే తప్పు, రికార్డు వేసి చూడండి అని గోల. సరేనని ఆవిడ డాక్టరు తెచ్చిన రికార్డే బల్లమీది యంత్రంలో వేసింది. ఏభై దాటిన వాళ్ళంతా ఉత్సాహంగా లేచి, పూర్వం వేసిన అడుగులే వెయ్యబోయారు. ఏం లాభం, కాలు ముందు పడుతోంది, దరువు వెనకబడుతోంది. గుర్రం జ్వరం పడి లేచినట్టుంది. పాట అయ్యేసరికి గడియారంలో సరిగ్గా నాలుగు నిమిషాల రెండు సెకన్లు.

"ఈ మిషనే పాడైంది! మావయ్యా, నువ్వే విప్పి చూడు," అని అరిచారెవరో.

మావయ్య వెళ్ళి రికార్డు తిరిగే పళ్ళెం ఎత్తి కింద చూశాడు. మోటారు బాగుంది. బెల్టు బాగుంది. మోటారు కొనకున్న చిన్న చక్రం నున్నగా మెరుస్తోంది. అది చూడగానే అసలు సంగతి గుర్తొచ్చింది. తన యంత్రంలో చక్రం ఇలా బోడిగా ఉండేది కాదు. షాపు పెట్టిన కొత్తలో బెల్టు జారిపోతోందంటే, భార్య ఆసుపత్రి ప్లాస్టరు ముక్క ఇచ్చింది. దాన్ని చక్రానికి చుట్టేసి, మళ్ళీ ఆ సంగతే మరిచిపోయాడు. చక్రం లావెక్కింది, పళ్ళెం జోరెక్కింది. ఊరికి పంచిన పాటలన్నీ పరుగెత్తిన పాటలే! పదిహేనో పాట పట్టిన రహస్యం తన లెక్క కాదు, జానెడు ప్లాస్టరు.

మొదటి వరసలో భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడకీ గుర్తొచ్చేసింది. మోటారు పాడైందని ఒక్క ముక్క అంటే చాలు, హాల్లో కాదనే నాథుడు లేడు. నలభై ఏళ్ళ పరువు నాలుక చివర ఉంది. మావయ్య పళ్ళెం మెల్లిగా కిందికి దించాడు.

"మిషను బాగానే ఉంది," అన్నాడు. "పాడైంది నాదే. మీ అందరికీ తప్పుడు పాటలిచ్చాను."

ప్లాస్టరు సంగతి అంతా చెప్పేసి తల దించుకున్నాడు. పళ్ళ డాక్టరు లేచొచ్చి పక్కన నిలబడ్డాడు.

"నాకెప్పుడో తెలుసు మావయ్యా. ఈ రికార్డు కొన్నరోజే తెలిసింది."

"మరి చెప్పలేదేంరా?"

"ఎందుకు చెప్పాలి? ఒక్కసారి విని బీరువాలో పడేశా, నచ్చలేదు. ఇప్పటికీ నేను వినేది మీ క్యాసెట్టే. కార్లో ఉంది, తేనా?"

తెమ్మని హాలు మొత్తం కేకేసింది. గ్రంథాలయం మూల దుమ్ము పట్టిన టేప్‌రికార్డరును మావయ్యే తుడిచి, ఊది, క్యాసెట్టు పెట్టాడు. డెక్కలు మోగాయి. టీచరమ్మతో సహా అందరి అడుగూ దరువు మీదే పడింది. నర్సమ్మ కూడా ప్లాస్టరు నాదే కదా అంటూ మోకాళ్ళ నొప్పి మరిచి గంతేసింది. మావయ్య మాత్రం ఆడలేదు. తడి కళ్ళతో చేతిగడియారమే చూస్తూ నిలబడ్డాడు. పాట ఆగింది. మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు, ఒక్క సెకను కూడా తేడా లేదు.