మల్లేశ్ మామ తవ్విన చెలమ

మా చిన్నప్పుడు... నాచారంలో మా పక్క వాటాలో మల్లేశ్ మామ ఉండేవాడు. నాన్నతో పాటు మల్లాపూర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. సొంత మామ కాదు, పిలుపుకి మామ. నా సైకిల్ చైన్ ఊడితే మాత్రం నాన్న కంటే ముందు ఆయనే వచ్చేవాడు.

పాపం, ఆయన సముద్రం చూడలేదు. ఓ వేసవిలో మాతో పాటు పెద్దమ్మ వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాం. రైలు, బస్సు, చివరికి పడవ... ఒక పక్క ఉప్పుటేరు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో సన్నటి ఇసుక దీవి మీద చిన్న పట్నం. ఒకటే బజారు, ఎటు తిరిగినా ఎండుచేపల వాసన. "ఓరి దేవుడా, గిన్ని నీళ్ళా!" అంటూ మామ ప్యాంటు మడిచి చిన్నపిల్లాడిలా గెంతాడు.

అన్ని నీళ్ళున్నా తాగడానికి పెరట్లో చెలమే గతి. ఇసుకలో మోకాలి లోతు గుంట అది. పెద్దమ్మ పొద్దున్నే దాని పక్కన కూర్చుని, ఊరిన నీళ్ళు ఊరినట్టే కొబ్బరి చిప్పతో బిందెలోకి తోడేది. బిందె నిండేసరికి నడుం పడిపోయేది.

మామ అది చూడలేకపోయాడు. పెద్దమ్మ బజారుకెళ్ళినప్పుడు పార పట్టుకుని నడుం లోతు తవ్వేశాడు. "మా జనగామ దిక్కు ఎంత లోతుకు పోతే అంత మంచి నీళ్ళు పడ్తయి. సూడు, అక్క మస్తు ఖుషీ అయితది" అన్నాడు. నేనూ తట్టతో ఇసుక మోశాను... హుషారుగా!

తెల్లారేసరికి చెలమ నిండా నీళ్ళు. పెద్దమ్మ నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఉప్పు! అక్కడ తియ్యటి నీళ్ళు పైపైనే ఉంటాయట, లోతుకి పోతే సముద్రమేనట. ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలిసిన సంగతి మాకెవరూ చెప్పలేదు.

"ఎంత పని చేశావయ్యా! మా గొంతు కోశావు కదా!" అంది పెద్దమ్మ.

"నాదే తప్పక్కా... పిల్లకేం దెల్వది" అన్నాడు మామ. నేను ఇసుక తట్టని మెల్లగా కాలితో వెనక్కి నెట్టేశాను. మామ అన్నం కూడా తినకుండా ఆ మధ్యాహ్నం పడవకే వెళ్ళిపోయాడు.

మరుసటి వేసవిలో పెద్దమ్మే నా చేతిలో చెలమ నీళ్ళు పోసింది. "వానలకి మళ్ళీ తియ్యగా అయ్యాయని మీ మామకి చెప్పవే. ఆ రోజు కోపంలో నోరు జారాను. ఈసారి రమ్మన్నానని చెప్పు" అంది.

అప్పటికి మామ నారపల్లికి మారిపోయాడు. ఆదివారం వెళ్ళి చెబుదాంలే అనుకున్నాను... సైకిల్ ఆటల్లో ఎన్ని ఆదివారాలు పోయాయో! చివరికి ఓ రోజు నాన్న ఏడుస్తూ వచ్చాడు. మామకి గుండెపోటు...

దినానికి వెళ్తే అత్త అటక మీంచి కొత్త ఇత్తడి బిందె దింపి నాకిచ్చింది. "మీ పెద్దమ్మకని కొన్నడు బిడ్డా. ఏ మొకం పెట్టుకొని ఇయ్యాలె అని గట్లనే దాసిండు."

ఆ మాట ఒక్కటి చెప్పుంటే ఆయనే ఇచ్చేవాడు కదా... ఛీ, నా బతుకు అనిపించింది.

ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఆ పెరడునీ చెలమనీ సముద్రం కోసేసింది. ఉప్పల్‌లో మా ఇంట్లో క్యాన్ నీళ్ళే తాగుతున్నాం, పక్కనే ఆ బిందె ఖాళీగా ఉంటుంది.

మీరూ ఎవరికైనా చెప్పాల్సిన మాట అట్టే పెట్టుకున్నారా? ఇక్కడ కామెంట్లలో తర్వాత రాద్దురు గాని... ముందు వాళ్ళకి ఫోన్ చేయండి.