ఎలుగుబంటికి ఎంగిలి

కొండమీది నేషనల్ పార్కుకు జనాన్ని చేరవేయడం నా పని. వ్యాను సొంతమే. ఘాట్‌రోడ్డు ఎక్కగానే వాంతులు మొదలవుతాయి. పులిని చూస్తాం, ఏనుగును చూస్తాం అని గొంతులు చించుకున్నవాళ్లంతా ఎవరి కవర్లో వాళ్లు మొహం పెట్టుకుని కూర్చుంటారు. ఆ కవర్లు ముడేసి కిటికీలోంచి అడవిలోకి విసిరేస్తారు. మూతి తుడుచుకుని, "అబ్బ, అడవి ఎంత శుభ్రంగా ఉందో!" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. వ్యాను కడగడానికి నేనున్నాను, అడవిని ఎవడు కడుగుతాడు?

పైన పార్కు గెస్ట్‌హౌస్‌లో వంటా, అంట్లూ మా వదినవి. అక్కడే వాచ్‌మన్‌గా ఉన్న మా అన్నయ్య పక్షవాతంతో మంచాన పడ్డాక ఆమెను పనిలో పెట్టుకున్నారు, వెనకున్న ఒంటిగదిలో ఉండనిచ్చారు. పని పోతే గదీ పోతుంది. నా ఇల్లు చూస్తే పిల్లలే ఒకరి మీద ఒకరు పడుకునేంత ఇరుకు. కదల్లేని మనిషిని ఎక్కడికి మోసుకుపోవాలన్న దిగులు ఆమెను వదిలేది కాదు.

అసలు మా వదినంత శుభ్రం మనిషిని నేను చూడలేదు. కడిగిన గ్లాసును వాసన చూసి మళ్లీ కడిగి గానీ నీళ్లు తాగదు. కాపురానికి వచ్చిన కొత్తలో, నేను నాకిన గరిటెను తిరిగి కూరలో పెట్టానని గిన్నెడు కూరా పారబోసింది. "మరిదివి కాబట్టి గిన్నెడు కూరతో పోయింది" అంది. అలాంటి మనిషికి ఊళ్లవాళ్ల ఎంగిలి ఎత్తే పని దొరికింది. "దేవుడికి నా మీద ఎంత ప్రేమో చూశావా?" అని నవ్వేది.

ఆ ఎంగిలి వాసనకే ఒక ఎలుగుబంటి రావడం మొదలుపెట్టింది. మేనేజరు ఊరుకుంటాడా? వరండా ముందు గుంట తవ్వించాడు. పొద్దువాలే వేళకు వదిన అందులో బకెట్ గుమ్మరించి, ఖాళీ బకెట్‌ను గరిటెతో వాయించాలి. ఎలుగు రావాలి. కుర్చీల్లో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టాలి. రోజంతా తిరిగినా కనిపించని జంతువు టీ తాగుతుంటే కాళ్ల దగ్గరికే వస్తానంటే ఎవరికి చేదు?

అన్నిటికీ మొహం చిట్లించే వదినకు దాన్ని చూస్తే మాత్రం ముద్దొచ్చేది. "తిన్నాక మూతి గడ్డికి తుడుచుకుంటుంది, తెలుసా? నీకంటే నయం" అనేది.

ఒకరోజు పొద్దున్నే నన్ను లాక్కెళ్లి గుంట పక్కన దాని పెంట చూపించింది. సగం బిస్కెట్ కవర్లు, సాసు పొట్లాలు. రంగు కూడా పోలేదు. నేను ముక్కు మూసుకున్నాను. ఆమె ముక్కు మూసుకోలేదు. "ఇదంతా నా చేత్తో పెట్టిందే" అంది. ఆరోజు నుంచి బకెట్‌లో మోచేతుల దాకా చేతులు ముంచి, నమిలి ఉమ్మిన ఎముకల మధ్య నుంచి ఒక్కో కవరూ ఏరడం మొదలుపెట్టింది. చూడలేక నేనే మొహం తిప్పుకునేవాణ్ని. గుంట మానేద్దామని అడిగితే మేనేజరు, "గెస్టులు వచ్చేదే దానికోసం. నీ జీతం చెట్లకు కాస్తుందా?" అన్నాడు.

ఆ తర్వాత ఒక పెద్దమనిషి ఫొటో కోసం బ్రెడ్డు ముక్క పట్టుకుని గుంటలోకి దిగాడు. "ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం" అంటూ పైనుంచి భార్య. ఎలుగు బ్రెడ్డు కోసం పంజా విసిరింది, మోచెయ్యి చీరుకుపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే. దారిపొడవునా ఆవిడ, కంగారులో ఫోన్ పడి పగిలిందనే ఏడుపు.

వారం తిరక్కుండా అటవీశాఖవాళ్లు ముగ్గురు తుపాకులతో దిగారు. మనిషి రక్తం చూసింది కాబట్టి చంపక తప్పదట. అడవిలో గాలించారు, దొరకలేదు. "వెతకడమెందుకండీ? పిలిస్తే వస్తుంది" అన్నాడు మేనేజరు పళ్లికిలిస్తూ. ఎంగిలి బకెట్, గరిటె తెచ్చి వదిన చేతిలో పెట్టాడు.

"నేను కొట్టనండి."

"అయితే గది ఖాళీ చెయ్యి."

వదిన అన్నయ్య పడుకున్న గది వైపు చూసింది. బకెట్ పట్టుకుని మెట్లు దిగింది. లొంగిపోయిందనుకున్నాను. తప్పు పట్టడానికి నేనెవణ్ని? గదుల్లోంచి బయటికి రావద్దని చెప్పినా గెస్టులంతా వరండాలోనే ఉన్నారు, ఫోన్లు పైకెత్తి.

ఆమె బకెట్ గుమ్మరించింది. గరిటెను పొదల్లోకి విసిరేసింది. ఆ ఎంగిలి మధ్యలో చతికిలబడి కూర్చుంది.

"లే! పిచ్చా నీకు?" అని మేనేజరు అరిచాడు.

"మోకాళ్లు పట్టేశాయండి" అంది.

కోపంతో మేనేజరు తనే ఒక పళ్లెం తెచ్చి వాయించాడు. ఎలుగు వచ్చింది. తుపాకులు లేచాయి. మధ్యలో మా వదిన ఉంది. చేతికి దొరికిన మెతుకులూ ఎముకలూ ముద్దలు చేసి దాని మొహాన కొడుతూ, "పో! పోవే! నీకిక్కడ తిండి లేదు!" అని గొంతు పగిలేలా అరిచింది. అది ఆగి, తల ఎత్తి ఆమెను వాసన చూసింది. తర్వాత వెనక్కి తిరిగి చెట్లలోకి వెళ్లిపోయింది. వదిన అక్కడే కూర్చుని ఏడ్చింది.

తుపాకులవాళ్లలో పెద్దాయన మేనేజరు వైపు అసహ్యంగా చూశాడు. "ముందు ఈ గుంట పూడ్పించు. తిండి లేనిచోటికి అది రాదు. రాకపోతే మాకూ పనిలేదు" అన్నాడు. మర్నాడు మట్టి వేసి తొక్కించేదాకా ఉండి వెళ్లిపోయారు. మేనేజరూ మాట తప్పలేదు. అదే రోజు గది ఖాళీ చేయించాడు.

అన్నయ్యను వెనక సీట్లో పడుకోబెట్టాను. వదిన ముందు కూర్చుంది. ఎంత కడుక్కున్నా కంపు వదల్లేదు. ఆరోజు కొండ దిగాల్సిన గెస్టులు వ్యాను తలుపు దగ్గరే ఆగి ముక్కులు మూసుకున్నారు. "డ్రైవర్, ఈ కంపుతో ఎలా కూర్చోవాలి? ఆవిణ్ని దింపెయ్" అన్నారు.

వదిన తల వంచుకుని లేవబోయింది. నేను ఆమె వైపు తలుపు గట్టిగా వేసి, గెస్టుల పెట్టెలన్నీ కిందికి దింపేశాను. "తర్వాతి బండి ఎల్లుండి వస్తుంది" అని చెప్పి వ్యాను కదిలించాను.

చాలా మలుపులు దాటాక వదిన వెనక్కి తిరిగి అన్నయ్యను చూసింది.

"మీ ఇంట్లో మీ అన్నయ్యను ఎక్కడ పడుకోబెడతావు?"

"నా మంచం మీద. నేను వ్యానులో పడుకుంటాను."

"దారిలో ఎక్కడైనా సబ్బు కొను" అంది వదిన. "రెండు కొను."