సూది దిగుతుంటే నవ్వినవాడు

కంటి కింద సూది దిగుతుండగానే ఏదో తప్పు జరిగిందని నాకు తెలిసింది. బీదర్‌లో కుడికంటికి శుక్లాల ఆపరేషన్. కన్ను మొద్దుబారడానికి డాక్టరు ఇంజెక్షన్ ఇస్తున్నాడు. లోపల ఏదో చిట్లినట్టు నొప్పి పుట్టింది.

"ఆగుండ్రి, లోపల గుచ్చుకుంటాంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "పటేల్ సాబ్, మీ తాత పులిని కొట్టిండంటరు. మనుమనికి సూదంటేనే భయమా?" నర్సులూ నవ్వారు.

చిట్గుప్ప దగ్గర మా ఊరికి మా తాత పటేలు. భూములు పోయాయి, ఇల్లు సగం కూలింది. మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని అడ్డం పెట్టి డాక్టరు నా నోరు మూయించాడు. పళ్లు బిగించి పడుకున్నాను.

మర్నాడు కట్టు విప్పితే కంటి ముందు నల్లటి తెర. "జర బ్లీడింగ్ అయింది, అదే కరుగుతది" అన్నాడు. వారం దాటినా కరగలేదు. నా కూతురు పద్మ పట్టుబట్టి హైదరాబాద్‌లో రెటీనా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె కంటికి బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ చేసి దాచకుండా చెప్పింది.

"సూది కంటిగుడ్డులోకి దిగింది. కంటి వెనక పొర, రెటీనా ఊడింది. మీకు చిన్నప్పటి నుంచి పెద్ద మైనస్ అద్దాలు కదా? అలాంటి కన్ను పొడుగ్గా ఉంటుంది, గోడ పలచన. లోపల పెట్టే లెన్స్ కోసం ఆ పొడవు కొలిచే ఉంటారు."

బీదర్‌లో కొలిచారు. కొలిచి కూడా పొడిచారు!

విట్రెక్టమీ అని కంటిలోని జిగురు తీసేసి, రెటీనా అంటుకోవడానికి సిలికాన్ ఆయిల్ నింపారు. ఆ ఆయిల్ పొరను ఒత్తిపట్టాలని రోజుల తరబడి బోర్లా పడుకున్నాను. ఆయిల్ తీశాక రెటీనా మళ్లీ ఊడింది, మళ్లీ ఆపరేషన్. ఇప్పుడు ఎదురుగా చెయ్యి ఊపితే ఆ కంటికి కదలిక తెలుస్తుంది, అంతే.

బీదర్ డాక్టరును నిలదీయడానికి వెళ్లాను. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "నసీబ్, పటేల్ సాబ్. రాసి ఉంటే ఎవ్వరికన్న అయితది."

"నసీబ్ గాదు, సూది. నేను ఆగుమన్న. నువ్వు నవ్వినవ్."

చాయ్ ముట్టకుండా లేచి వచ్చాను.

ఇంతలో ఎడమకంటి శుక్లం ముదిరింది. అదీ పోతే నాకు చీకటే. ఆపరేషన్ మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాణ్ణి. "బాపు, ఈసారి గమ్మునుండకు. భయమైతే భయమని చెప్పు" అన్నది పద్మ. హైదరాబాద్ ఆసుపత్రిలో పదిమంది ముందే చెప్పాను.

"డాక్టరమ్మా, నాకు భయమైతాంది. సూది వద్దు."

ఆమె నవ్వలేదు. "కన్ను మొద్దుబార్చే చుక్కల మందుతోనే చేద్దాం. నొప్పి అనిపిస్తే వెంటనే చెప్పండి" అంది.

ఆ కంటితోనే ఇది రాస్తున్నాను.

మందపాటి మైనస్ అద్దాలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పి, చుక్కలతో చేయవచ్చా అని అడగండి. సూదే తప్పకపోతే, దిగేటప్పుడు నొప్పి పొడిస్తే తల కదపకుండా గట్టిగా చెప్పండి. ఎవరు నవ్వినా ఆగకండి. నవ్వినవాడు తన కన్ను తీసి మీకివ్వడు.